మా బావ ఎడమ భుజానికి తగిన తుపాకీ

ఐర్లండ్ వెళ్ళొచ్చాననగానే మా బ్యాంకులో అందరూ నా చుట్టూ మూగారు. కోటలు చూశావా, పచ్చటి కొండలు చూశావా, సముద్రం ఒడ్డున ఆ నిలువెత్తు రాతి గోడలు చూశావా అని ఒకటే ప్రశ్నలు. తుపాకుల కొట్లు చూశానంటే ఒక్కరూ నమ్మలేదు. మా మేనేజరు గారైతే ఫోటో చూపించమన్నారు. చూపించాను. తోలు టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన పక్కన చేతులు కట్టుకుని, ముఖం మాడ్చుకుని నిలబడ్డాను. మా వెనక గోడ నిండా రైఫిళ్ళే. మేనేజరు గారు ఫోటో చూసి, "ఏవమ్మా, లోన్ రికవరీకి వెళ్ళావా?" అన్నారు.

నన్ను రమ్మన్నది మా అక్క రమ. అక్కా బావా అత్లోన్‌లో ఉంటారు. ఐర్లండ్ పటం మధ్యలో వేలు పెడితే తగిలే ఊరది. బావ పేరు మురళి, అక్కడి ఆస్పత్రిలో డాక్టరు. ఏడాదిగా అక్క ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే గోల. "ఆయనకి తుపాకీ పిచ్చి పట్టిందే సుజాతా. నేను చెబితే వినడు, నువ్వంటే కాస్త జంకుతాడు. వచ్చి ఎలాగోలా మాన్పించవే" అని. మరదలు చెబితే వింటాడన్న ఆశ ఒకటి, అక్క ఇంట్లో పది రోజులు కాలు మీద కాలు వేసుకుని కూర్చోవచ్చన్న ఆశ ఇంకొకటి. రెండూ తీరలేదు.

అత్లోన్: ఊరగాయల పక్కన ఇనప పెట్టె

డబ్లిన్‌లో దిగి రైలెక్కితే సినిమా చూసినంత సేపట్లో అత్లోన్. దారి పొడవునా ఆవులు, గొర్రెలు, మళ్ళీ ఆవులు. ఒక్క మనిషి కనపడితే ఒట్టు. జూన్ నెల, మనకి రోళ్ళు పగిలే ఎండలు. అక్కడ స్టేషన్లో దిగగానే సన్నటి జల్లు. మా అక్క స్వెట్టర్ వేసుకుని, "ఎండ బాగా కాస్తోందే ఇవాళ" అంది. వాళ్ళకి అదే ఎండ.

ఇల్లు ఊరి బయట. డెన్నిస్ అనే రైతుది. అద్దెకి ఇళ్ళు దొరకని దేశంలో అక్కా బావా చంటిబిడ్డతో ఊరూరా తిరుగుతుంటే, ముక్కూమొహం తెలియని వాళ్ళకి తన పాత ఇల్లు లీజుకిచ్చిన మనిషి. ఆ చంటిబిడ్డకి ఇప్పుడు పన్నెండేళ్ళు, పేరు నిత్య. నేను తెలుగులో ఏది అడిగినా ఇంగ్లీషులో, అదీ ఐర్లండ్ యాసలో రాగం తీస్తూ జవాబిస్తుంది. బాగున్నావా అంటే గ్రాండ్, అన్నం తిన్నావా అంటే గ్రాండ్. బాగుంది అనడానికీ సరే అనడానికీ అక్కడ అదొక్కటే మాట. బావ తుపాకీ సంగతేమిటే అని అడిగితే మాత్రం గ్రాండ్ అనలేదు. "డాడ్ నిద్రపోడు పిన్నీ" అంది, తెలుగులోనే.

అక్క వంటింట్లోకి తీసుకెళ్ళి ప్రెస్ తెరిచి చూపించింది. అక్కడ బీరువాని, అలమరాని అన్నిటినీ ప్రెస్ అంటారు. పై అరలో ఆవకాయ, గోంగూర, చింతకాయ తొక్కు. ఆ పక్కనే గోడకి బిగించిన నిలువాటి ఇనప పెట్టె. "తుపాకీ ఇంకా రాలేదు, పెట్టె ముందే వచ్చింది. ఇంట్లో ఇంకెక్కడా గట్టి గోడ లేదట. నా ఊరగాయల పక్కన తూటాలు!" అని మూతి తిప్పింది.

అన్నం తిన్నాక అక్క అసలు సంగతి చెప్పింది. డెన్నిస్ తన పొలంలో సగం ఓక్ మొక్కలు నాటాడు. రాత్రికి రాత్రి జింకలు వచ్చి చిగుళ్ళన్నీ కొరికి పారేస్తున్నాయి. ఆ దేశంలో తోడేళ్ళూ లేవు, పులులూ లేవు. జింకల మంద పెరిగిపోయి రైతులు నెత్తి కొట్టుకుంటున్నారు. మన దగ్గర జింకని కొడితే జైలు, అక్కడ సర్కారే అనుమతిచ్చి కొట్టమంటుంది. డెన్నిస్‌కి తుంటి ఎముక ఆపరేషన్ అయి చెట్లల్లో తిరగలేకపోతున్నాడు. బావ తాను చూసుకుంటానని మాటిచ్చాడు. అక్కడ ఒకే తుపాకీకి ఇద్దరి పేర్లా అనుమతి తీసుకోవచ్చట. అలా డెన్నిస్ రైఫిల్‌తోనే పోయిన చలికాలం వెళ్ళాడు.

"వెళ్ళి?" అన్నాను.

"వెళ్ళి ఏదో చేసుకొచ్చాడు. ఏంటో నాకు చెప్పడు. అప్పట్నించి రాత్రిళ్ళు లేచి హాల్లో కూర్చుంటాడు. పొద్దున్నే అలాగే డ్యూటీకి పోతాడు. నిద్ర లేకుండా మందులు రాసే మనిషి ఏదో ఒకరోజు ఏదో ఒకటి చేస్తాడు కదే! ఇప్పుడేమో సొంత తుపాకీ కొంటాడట. నాలుగు రోజులు సెలవు పెట్టి కొట్లన్నీ తిరిగొస్తాడట. నువ్వు కూడా వెళ్ళు. వెళ్ళి మాన్పించు."

ఇదన్నమాట నా ఐర్లండ్ యాత్ర.

మొదటి కొట్టు

కొట్టంటే మన ఊళ్ళో ఎరువుల కొట్టులా ఉంది. చేపల గాలాలు, రబ్బరు బూట్లు, కుక్కల తిండి, వాటి వెనక ఇనప కటకటాలు, ఆ కటకటాల వెనక తుపాకులు. యజమాని తోలు టోపీ ముసలాయన. మేం కాలు పెట్టగానే వాన గురించి మొదలుపెట్టాడు. మా విమానం గురించి, డెన్నిస్ తుంటి గురించి, డెన్నిస్ వాళ్ళ అన్న తుంటి గురించి మాట్లాడాడు. తుపాకీ ఊసు మాత్రం లేదు. టీ తాగుతారా అన్నాడు, వద్దన్నాం. పోసేశాడు. ఆ ఒక్క విషయంలో అచ్చం మనవాళ్ళే.

బావకి కావలసింది మధ్యరకం తూటా పేల్చే వేట రైఫిల్. పాయింట్ త్రీ నాట్ ఎయిట్ అంటారట. అంతకన్నా చిన్నదైతే పెద్ద జింక ఒక్క దెబ్బకి పడకపోవచ్చు. అంతకన్నా లావు గొట్టమైతే పోలీసుల అనుమతి ఇంకో మెట్టు పైకెక్కుతుంది. అక్కడ పోలీసుల్ని గార్డ్స్ అంటారు. ప్రతి తూటాకీ తలుపు గడియలా చేత్తో లాగి, ముందుకి తోసే రకం. ఆ గడియ పిడినే బోల్ట్ అంటారు. నాలుగు రోజుల్లో నేను ఇంత నేర్చుకున్నాను, బ్యాంకు పరీక్షలకి కూడా ఇంత చదవలేదు.

ముసలాయన ఒక రైఫిల్ తీసి, లోపల ఖాళీ అని చూపించి, ఎడం చేత్తో బావకిచ్చాడు. నా ప్రాణం చివుక్కుమంది. ఎడం చేత్తో ఇస్తాడేంటి, అదీ బోణీ వేళ! బావ మాత్రం బుద్ధిగా కుడి చెయ్యి చాచి అందుకున్నాడు. అందుకుని ఏం చేశాడనుకున్నారు? దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని భక్తిగా కళ్ళకద్దుకున్నాడు!

ముసలాయన చేతిలో టీ ఒలికిపోయింది. "ఆగాగు! దాన్ని ముఖం దగ్గరికి తేకు బాబూ!" అని అరిచాడు. ఖాళీ తుపాకీ అయినా సరే, గొట్టం ఎవరి ముఖం వైపూ తిప్పకూడదన్నది అక్కడి మొదటి నియమం. దసరాకి మా ఇంట్లో కత్తిపీటని కూడా కళ్ళకద్దుకుంటాం, ఆయుధం చేతికొస్తే మావాళ్ళకి చెయ్యి ఆగదు అని నేను చెప్పుకొచ్చాను. ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని, "దండం దూరం నించి పెట్టుకోండి, గ్రాండ్‌గా ఉంటుంది" అన్నాడు. ఆ తరవాతే ఫోటో తీసుకున్నాం. నా ముఖం ఎందుకు మాడిందో ఇప్పుడు తెలిసిందిగా.

"కుడిచేతి వాటమేగా?" అని అడిగాడు ఆయన. బావ "ఆఁ" అన్నాడు. మరి కుడి చేత్తోనేగా అందుకున్నాడు, కుడి చేత్తోనేగా కొట్టు పుస్తకంలో సంతకం చేశాడు. ముసలాయన వరసగా ఎన్నో తీసి చూపించాడు. బావ ఒక్కొక్కటీ కుడి భుజానికి ఆనించడం, తల అటూ ఇటూ వంచడం, దించెయ్యడం. ఏదీ కుదరలేదు. కొత్త చొక్కా మెడ బిగిసినవాడిలా ఇబ్బంది పడ్డాడు.

నాకు లోలోపల సంతోషమేసింది. అక్కకి మెసేజ్ పెట్టాను, 'ఏదీ నచ్చడం లేదు, పని అయిపోయేలా ఉంది' అని.

కిల్కెన్నీ దారిలో

కారు దక్షిణానికి తిప్పాం. రోడ్డుకి రెండు వైపులా ముళ్ళకంపల గోడలు, వాటి మధ్య కారు పట్టేంత సందు. ఎదురొచ్చిన ప్రతివాడూ స్టీరింగ్ మీంచి ఒక్క వేలు ఎత్తి పలకరిస్తాడు. తెలిసినవాళ్ళా అంటే కాదు. మన ఊళ్ళో ముఖం తెలియనివాడు వేలెత్తితే గొడవకొచ్చాడనుకుంటాం.

ఇదే సమయమని నేను అందుకున్నాను. "బావా, మీరు అనుకున్నది ఒక్కటీ కుదరలేదు కదా. దేవుడే వద్దంటున్నాడేమో. మానెయ్యకూడదూ?"

బావ కారు ఒక గేటు పక్కన ఆపాడు. స్టీరింగ్ మీద చేతులు తీయకుండానే చెప్పాడు.

"జనవరిలో ఒక ఆడ జింకని కొట్టాను. సరిగ్గానే గురి పెట్టాననుకున్నా. తగలాల్సిన చోట తగల్లేదు. పడిపోయింది, లేచింది, కాలువ దాటి పొదల్లోకి పరిగెత్తింది. డెన్నిస్ కూడా కర్ర ఊతంతో వచ్చాడు, అతని కుక్కని తీసుకుని మధ్యాహ్నమంతా వెతికాం. దొరికేసరికి ఇంకా ప్రాణంతోనే ఉందే సుజాతా. నా వైపే చూస్తోంది. ఇంకో గుండు కాల్చడం నావల్ల కాలేదు, డెన్నిసే..." అని ఆగిపోయాడు.

"ఆస్పత్రిలో ఎన్ని చావులు చూశానో. అవి నేను చేసినవి కావు. ఇది నేను చేసింది. కళ్ళు మూసుకుంటే అది లేచి పరిగెత్తుతుంది."

వేళాకోళం చెయ్యడానికి సిద్ధంగా పెట్టుకున్న మాటలన్నీ పక్కన పెట్టేశాను. "మరి అలాంటప్పుడు మళ్ళీ తుపాకీ ఎందుకు బావా?" అని మెల్లగా అడిగాను.

"డెన్నిస్‌కి మాటిచ్చాను. నేను తప్పుకుంటే ఎవరో ఒకరు వస్తారు, అది నిజమే. కానీ సరిగ్గా కొట్టగలనో లేనో తేలకుండా వదిలేస్తే నాకు జన్మలో నిద్రపట్టదు. ఈ నాలుగు రోజులూ చూస్తాను. టిప్పరరీలో ఒక కొట్టుకి అనుమతి ఉన్న రేంజి, అంటే గురి చూసి కాల్చుకునే చోటు, ఉంది, వాళ్ళు పక్కనుండి కాల్పిస్తారు. అక్కడ సాసరంత గుండ్రంలో వరసగా కొట్టలేకపోతే ఆ ఇనప పెట్టె అమ్మేస్తాను. మీ అక్కకి నేనే చెబుతాను."

రెండు విధాలా నాకు మంచిదే అనిపించింది అప్పుడు. గురి తప్పితే అక్క కోరిక తీరుతుంది. తప్పకపోతే బావకి నిద్ర పడుతుంది. కానీ ఆ గేటు వెనక ఆవులు మా వంకే చూస్తుంటే తల తిప్పేసుకున్నాను.

కిల్కెన్నీ పాతకాలపు ఊరు. సన్నటి రాతి సందులు, నదిని ఆనుకుని కోట. ఆ కోట లోపలికి వెళ్ళలేదు, బయటినించే నమస్కారం పెట్టాం. అక్కడి కొట్లో తుపాకులు ఇంకా ఖరీదు. ఒకదాని వెల విని, దాంతో నా స్కూటీలాంటివి మూడు కొనచ్చని లెక్క వేసుకుని నీళ్ళు తాగాను. అవీ బావ భుజానికి కుదరలేదు. కొట్టువాడు పాపం మంచివాడే, "మెడ కాస్త పొడుగేమో" అన్నాడు. మా బావ మెడ పెళ్ళయినప్పటినించీ చూస్తున్నాను, పొడుగేం కాదు.

రాత్రికి బస చేసినింట్లో పొద్దున్నే పెట్టిన గోధుమ రొట్టె మాత్రం మరిచిపోలేను. గరుకుగా, కొంచెం తియ్యగా, వేడి వేడిగా. దాని మీద మందంగా వెన్న. ఇంటావిడ చూడకుండా నా బ్యాగులోంచి గోంగూర సీసా తీసి కాస్త రాసుకున్నాను. ఆవిడ చూడనే చూసింది. తనకీ కొంచెం పెట్టమంది. తిని, కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే "లవ్లీ, లవ్లీ" అంది. మొహమాటంలో కూడా వాళ్ళు మన దగ్గరివాళ్ళే.

ట్రామోర్: చిప్స్ పొట్లం, ఒంటికన్ను దుర్భిణి

టిప్పరరీ కొట్టు మర్నాడు గానీ తెరవరట. పూట గడపడానికి సముద్రం చూద్దామని ట్రామోర్ వెళ్ళాం. ఒడ్డున రంగులరాట్నాలు, ఐస్‌క్రీములు, గజగజలాడుతూ స్నానాలు చేస్తున్న జనం. ఆ నీళ్ళల్లో వేలు పెట్టి తీసేశాను. మా సూర్యలంక నీళ్ళు వీటి పక్కన వేణ్ణీళ్ళే.

ఒక పొట్లం చిప్స్ కొన్నాం. అంటే బంగాళాదుంప ముక్కలే, వాటి మీద పుల్లటి వెనిగర్ చల్లి ఇస్తారు. గోడ మీద కూర్చుని నేను రెండోది నోట్లో పెట్టుకోబోతుంటే రెక్కల చప్పుడు. కోడిపుంజంత సీగల్ పక్షి నా ఒళ్ళోని పొట్లం మీద వాలింది. నేను కెవ్వుమన్నాను. పొట్లం గాల్లోకి ఎగిరింది. అంతే, బావ మెరుపులా చెయ్యి చాచి, పక్షి ముక్కుకి అందేలోపు పొట్లాన్ని గాల్లోనే పట్టేశాడు. రెండు ముక్కలు తప్ప ఏమీ పడలేదు. పక్కన కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"అబ్బో బావా! క్రికెట్ ఆడాల్సింది మీరు" అన్నాను. పొట్లం ఆయన ఎడం చేతిలో ఉంది. వెంటనే దాన్ని కుడి చేతిలోకి మార్చి నాకిచ్చాడు. ఇచ్చేటప్పుడు కుడి చెయ్యే, ఎక్కడున్నా ఆ మర్యాద తప్పదు.

అప్పటికి నాకేం తట్టలేదు. గోడ చివర ఒక దుర్భిణి ఉంది, నాణెం వేస్తే దూరంగా కొండకొమ్ము మీదున్న తెల్లటి స్తంభాల్ని చూపిస్తుంది. ఒంటికన్నుతో చూసేది. నేను కుడి కన్నుతో చూసి తప్పుకున్నాను. బావ వంగి, ఎడమ కన్ను ఆనించాడు.

"ఎడం కన్నుతో చూస్తారేం బావా?"

"ఏ కన్నయితే ఏం? దీంతోనే బాగా కనపడుతుంది."

అప్పుడు గుర్తొచ్చింది నాకు వాళ్ళ పెళ్ళి. తలంబ్రాలప్పుడు ఈయన ఉత్సాహం పట్టలేక ఎడం చేత్తో గుప్పిళ్ళ కొద్దీ అక్క నెత్తిన పోస్తే, మా పెదనాన్న మండపం మీదే "కుడి చేత్తో నాయనా, కుడి చేత్తో!" అని గద్దించాడు. మేమంతా పడీ పడీ నవ్వాం.

"బావా, మీరు ఎడమచేతి వాటం కదూ?"

"అది చిన్నప్పుడే మాన్పించారే. అన్నం దగ్గర ఎడం చెయ్యి వీపు వెనక పెట్టుకుని కూర్చోమనేవాడు మా నాన్న. రాత, భోజనం, ఇచ్చిపుచ్చుకోవడం అన్నీ కుడి చేత్తోనే."

"మేకు కొట్టడం?"

ఆలోచించాడు. "ఎడమ."

"రాయి విసరడం?"

"ఎడమ." అని నా వైపు వింతగా చూశాడు.

తరవాత ఆయనే గోడ దిగి నిలబడి, రెండు కళ్ళూ తెరిచి, కొండ మీది స్తంభానికి వేలు గురి పెట్టాడు. డాక్టర్లు చదువుకునేటప్పుడు నేర్పే చిన్న పరీక్షట. కుడి కన్ను మూశాడు, వేలు స్తంభం మీదే ఉంది. ఎడమ కన్ను మూశాడు, వేలు పక్కకి గెంతింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. ఆయన ఎడమ కన్నే అసలు గురి చూసే కన్ను. ఆ కన్ను మూసి, చాతకాని కన్నుతో, చాతకాని భుజం మీద పెట్టి కొట్టాడు పోయిన చలికాలం.

"ఎంతమందికి చేయించాను ఈ పరీక్ష! నాకు నేను ఎప్పుడూ చేసుకోలేదే" అని గోడ మీద కూలబడ్డాడు. ఎవరైనా తుపాకీ ఇస్తే కుడి చేత్తో అందుకున్నాడు, అందుకున్న చేత్తోనే పేల్చాడు. ఇచ్చినది పెద్దమనిషి, పుచ్చుకోవలసింది కుడి చెయ్యి. మనవాళ్ళు తప్ప ప్రపంచంలో ఇంకెవరైనా ఇలా చేస్తారా! నవ్వు ఆగలేదు నాకు. ఆయనా నవ్వాడు, కానీ ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. పాపం ఆ జింకే గుర్తొచ్చి ఉంటుంది.

మిగిలిన చిప్స్ ఆ పక్షే తిన్నది.

టిప్పరరీ కొండల కింద

కొట్టు ఒక పొలం మధ్యలో, పాత గొడ్లసావిట్లో ఉంది. నడిపేది నోరా అనే ఆవిడ, మా అత్తగారి వయసు ఉంటుంది. పొట్టిగా, గట్టిగా, జేబుల నిండా తాళాలతో. ఇక్కడా ముందు వాన సంగతి, టీ, వాళ్ళ కుక్క కాలు విరిగిన కథ. తరవాత అడిగింది, "ఏ చెయ్యి?"

"ఎడమ" అన్నాడు బావ. ఆ ఒక్క మాటా అనడానికి గొంతు సవరించుకున్నాడు, తప్పు ఒప్పుకుంటున్నవాడిలా.

ఆవిడకి అదేం వింతగా లేదు. "ఎడమ చేతివి రెండే ఉన్నాయి. ఎవరూ తెప్పించరు, అడిగేవాళ్ళు తక్కువ" అంటూ మూలనున్న తాళం తీసింది. ఆ రెంటినీ చూస్తే అద్దంలో చూసినట్టుంది, బోల్ట్ పిడి అటువైపు కాకుండా ఇటువైపు. మామూలు తుపాకీని ఎడం భుజం మీద పెట్టుకుంటే ప్రతి తూటాకీ చెయ్యి అడ్డంగా చాచి పిడి లాగాలి, ఈలోగా గురి చెదిరిపోతుంది. వీటికి ఆ బాధ లేదు.

ఒకటి కొత్తది, నల్లగా, తేలిగ్గా, ఇంకొంచెం బలమైన తూటా పేల్చేది. రెండోది ఎవరో రైతు వాడి అమ్మినది, అక్రోటు కర్ర పిడి, బరువు, తూటా బావ మొదట్నించీ అడుగుతున్న మధ్యరకమే. బావ కళ్ళు కొత్తదాని మీదే. మగవాళ్ళంతా అంతే, మెరిసేది కనపడితే చాలు.

నోరా సావిడి వెనక్కి తీసుకెళ్ళింది. ఒక వైపు మట్టి కట్ట, దాని ముందు కాగితం గుండ్రాలు. చెవులకి పెద్ద డిప్పలు పెట్టింది. బావ బల్ల ముందు కూర్చున్నాడు. ఆవిడ ఆయన పక్కనే నిలబడింది, నేను ఆవిడ వెనక.

కొత్తది పేలగానే నా బూట్లలో కూడా అదురు తెలిసింది. బావ భుజం వెనక్కి పోయింది. మరోసారి. ఆవిడ దుర్భిణిలోంచి చూసి చెప్పింది, రెండూ గుండ్రం బయటే.

బావ ముఖం పాలిపోయింది. నా జేబులో ఫోన్ కదిలింది. అక్క మెసేజ్, 'ఏమైంది? వదిలేశాడా?' అని. ఇంతవరకూ నేను అక్క మనిషినే. కానీ ఆ మెసేజ్ చూస్తే ఎందుకో ఒళ్ళు మండింది. ఫోన్ లోపల పెట్టేశాను. అమ్మా కనకదుర్గమ్మా, ఈ ఒక్కసారికి తగిలేలా చూడు తల్లీ, అని దణ్ణం పెట్టుకున్నాను. ఒక మనిషి నిద్ర కోసం తుపాకీ గుండు తగలాలని మొక్కుకున్న మొదటి గుంటూరు దాన్ని నేనే అయ్యుంటాను.

"దాని తన్ను తలుచుకుని ముందే కళ్ళు మూస్తున్నావు. ఇది పట్టు" అని నోరా రెండోది ఇచ్చింది. బావ కుడి చెయ్యి చాచబోయి, ఆగి, రెండు చేతులా అందుకున్నాడు. ఎడమ భుజానికి ఆనించాడు. చెంప కర్రకి ఆనింది. ఈసారి తల వంచలేదు, మెడ సాచలేదు. అలా కూర్చోవడం చూస్తేనే నాకు తెలిసిపోయింది.

పేలింది. ఎడమ చెయ్యి బోల్ట్ వెనక్కి లాగి ముందుకి తోసింది, తల కదలనే లేదు. మళ్ళీ పేలింది. మళ్ళీ. నోరా ఇంకొన్ని కాల్చమంది. అన్నీ అయ్యాక బోల్ట్ తెరిపించి, లోపల ఖాళీ అని తానే చూసి, గట్టు దాకా నడిచి వెళ్ళి కాగితం చింపుకొచ్చి బల్ల మీద పెట్టింది. రంధ్రాలన్నీ నా అరచేతి కింద దాక్కునేంత దగ్గరగా ఉన్నాయి.

"గ్రాండ్" అంది.

బావ బల్ల మీద నుదురు ఆనించాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని భయమేసింది. తల ఎత్తితే, ఏడుపూ నవ్వూ రెండూ ఉన్నాయి. "జరిగింది నా తప్పేనే సుజాతా. కానీ ఇంకోసారి జరగదు" అన్నాడు. నాకూ కళ్ళు చెమర్చాయి. హమ్మయ్య అనుకున్నాను, అంత గట్టిగా ఎప్పుడూ అనుకోలేదు జీవితంలో.

తుపాకీ వెంటనే చేతికివ్వరు. అడ్వాన్సు కట్టి, దాని నంబరు రాయించుకుని, గార్డ్స్‌కి అర్జీ పెట్టుకోవాలి. డాక్టరైనా సరే, తన డాక్టరు చేత మతి స్థిమితంగానే ఉందనిపించుకోవాలి. గార్డ్స్ ఇంటికొచ్చి ఇనప పెట్టె చూసిపోతారు. నెలలు పట్టవచ్చు. అంతవరకూ అది నోరా దగ్గరే ఉంటుంది. మన దగ్గర కారు తాళం కూడా పూజయిన నిమిషానే చేతిలో పెట్టాలి, లేకపోతే ఊరుకోం.

అత్లోన్ చేరేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. నన్ను ప్రెస్ దగ్గరికి లాక్కెళ్ళి, "నిన్ను పంపింది ఇందుకా? మాన్పించమంటే కొనిపించుకొస్తావా?" అని విరుచుకుపడింది. నేను జింక సంగతి చెప్పాను. బావ ఇన్ని నెలలూ చెప్పుకోలేకపోయినదంతా చెప్పాను. అక్క ప్రెస్ తలుపు మూసి, హాల్లోకి వెళ్ళి బావ పక్కన కూర్చుంది.

గుంటూరు

నవంబరు నెలలో, బ్యాంకు పని ముగించుకుని కూరగాయలు బేరమాడుతుంటే అక్క ఫోన్. అప్పుడు వాళ్ళకి ఇంకా మధ్యాహ్నం.

"ఆ ఎడమ చేతి తుపాకీతో వెళ్ళొచ్చాడే. నేనూ వెళ్ళాను, రబ్బరు బూట్లేసుకుని. చెట్లలో ఆ చివర కూర్చోబెట్టాడు నన్ను" అంది. గొంతు మెల్లగా ఉంది.

బెండకాయలు చేతిలోనే ఉండిపోయాయి. "ఏమైంది? చెప్పవే!"

"ఒక్కటే చప్పుడు. జింక పడిపోయింది. ఒక్క అడుగు వేస్తే ఒట్టు. ఆయన దాని దగ్గర మోకాళ్ళ మీద చాలాసేపు కూర్చున్నాడు. డెన్నిస్ వచ్చి భుజం తట్టాడు. మాంసం వాళ్ళ షెడ్డులో వేలాడదీశారు, కొన్ని రోజులు అలా ఉంచాకే వండాలట. నేను తిననుగాక తినను, అది వేరే సంగతి."

"బావేడీ? ఫోనివ్వు."

అటువైపు ఏదో చప్పుడు, ఆగి ఆగి వినిపిస్తోంది. మొదట లైను బాగాలేదనుకున్నాను.

"సోఫాలోనే పడిపోయాడే, బూట్లు కూడా విప్పలేదు. వచ్చినప్పటినించీ ఒకటే గురక" అంది అక్క. "లేపనా?"

"వద్దక్కా, లేపకు" అన్నాను.